రంగం వెళ్ళిన ఫౌజు

గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళ నోట "రంగం వెళ్ళాడు" అన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ వినబడుతుంది. రంగం అంటే రంగూన్. ఆ మాటలో ఊళ్ళో పని దొరకలేదన్న సంగతి ఉంది, అప్పు తీర్చాలన్న ఆశ ఉంది, మనిషి తిరిగి రాకపోవచ్చన్న భయం కూడా ఉంది. ఒకప్పుడు "రంగూన్ రౌడీ" అనే నాటకం తెలుగునాట ఊరూరా ఆడింది. అంటే రంగం వెళ్ళిన రౌడీ మనకు తెలుసు. రంగం వెళ్ళి సిపాయి అయినవాడు మాత్రం మన నాటకంలోనూ లేడు, నవలలోనూ పెద్దగా కనబడడు, పాఠ్యపుస్తకంలో అసలే లేడు.

ఈ వ్యాసం ఆ సిపాయి గురించి. కూలీగా సముద్రం దాటి, బర్మాలోనో మలయాలోనో ఉండగా యుద్ధం మీద పడి, ఆజాద్ హింద్ ఫౌజులో చేరిన తెలుగువాడి గురించి. అతని వీరత్వాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. అతని కథ ఎందుకు మిగల్లేదు, మిగిలిన ముక్కలు ఎవరి అవసరం కోసం మిగిలాయి, ఇప్పుడైనా ఏం చెయ్యొచ్చు అన్నవే నన్ను తొలుస్తున్న ప్రశ్నలు.

కోనసీమలో అల్లవరం మండలంలో, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట ఓడలరేవు ఉంది. ఇప్పుడు ఆ పేరు చెబితే చాలామందికి ఓఎన్జీసీ టెర్మినల్, బీచ్, సరుగుడు తోటలు గుర్తొస్తాయి. కానీ పేరులోనే ఓడ ఉంది. పక్కనే ఉన్న బెండమూర్లంకలో పద్ధెనిమిదో శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకుంది. ఈ తీరానికి సముద్రం ఎప్పుడూ సరిహద్దు కాదు, దారి. కాకపోతే పంతొమ్మిదో శతాబ్దం చివరికి దారి మారింది. తెరచాప ఓడల కాలం పోయి ఆవిరి ఓడలు వచ్చాయి. చిన్న రేవులు వెనకబడ్డాయి. రంగం వెళ్ళాలంటే కాకినాడ వెళ్ళి స్టీమరు ఎక్కాలి. బర్మావాళ్ళు తెలుగు కూలీలను "కోరంగీలు" అనేవాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు అసలు సొగసు 1839 తుపానుతోనే పోయింది. రేవు పోయినా పేరు మాత్రం రంగూన్ వీధుల్లో వందేళ్ళు బతికింది, అదీ చాలాసార్లు తిట్టుగా.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. కోనసీమ పచ్చబడింది. వరి, కొబ్బరి, అరటి. మరి ఇంత పచ్చని నేల నుంచి జనం ఎందుకు వెళ్ళారు? జవాబు కష్టమైనదేమీ కాదు. పచ్చదనం భూమి ఉన్నవాడిది. భూమి లేనివాడికి నాట్లప్పుడు పని, కోతలప్పుడు పని, మధ్యలో అప్పు. వెళ్ళినవాళ్ళలో దళితులు, వెనుకబడిన కులాల కూలీలు ఎక్కువ. అడపా సత్యనారాయణ వంటి చరిత్రకారులు ఈ వలసల మీద విలువైన పని చేశారు. మేస్త్రీ అనేవాడు ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఓడ చార్జీ పెట్టి, రంగూన్ రేవులోనో ధాన్యం మిల్లులోనో పనికి కుదిర్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మనిషి మేస్త్రీ చేతిలో ఉండేవాడు. మలయాలో ఇదే పనిని కంగాణీ చేసేవాడు. అక్కడ పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో ప్రాంతపు కొబ్బరి ఎస్టేట్లలో తెలుగువాళ్ళు గుంపులుగా స్థిరపడ్డారు. కొబ్బరి తోటల మధ్య పుట్టినవాడు సముద్రం దాటినా కొబ్బరి చెట్టు కిందకే చేరాడన్నమాట.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. వాళ్ళలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. వీళ్ళ బతుకు ఎంత సన్నటి దారం మీద ఉండేదో 1930 మే నెలలో తెలిసింది. రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యాజమాన్యాలు బర్మా కూలీలను తెచ్చి పని నడిపించాయి. సమ్మె తీరగానే ఆ బర్మా కూలీలను వద్దు పొమ్మన్నాయి. ఆ కోపం కంపెనీల మీదకు పోకుండా కోరంగీల మీదకు మళ్ళింది. కొన్ని రోజులపాటు వీధుల్లో వేటాడి చంపారు. ఆ తర్వాత కూడా జనం స్టీమర్లు ఎక్కుతూనే ఉన్నారు. ఊళ్ళో మరో దారి ఉంటే ఎక్కేవాళ్ళా?

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఓడ టికెట్లు ఉన్నవాళ్ళకు, తెల్లవాళ్ళకు, పలుకుబడి ఉన్నవాళ్ళకు దొరికాయి. మిగిలినవాళ్ళు నడిచారు. అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, లేదా తమూ మీదుగా మణిపూర్ వైపు. లక్షల మంది నడిచారు, వేలమంది దారిలో కలరాతో, ఆకలితో పోయారు. నడవలేనివాళ్ళు, నడవడం ఇష్టంలేనివాళ్ళు, ఆస్తో అప్పో వదలలేనివాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఫౌజుకు బర్మాలో దొరికిన మనుషులు ఈ ఉండిపోయినవాళ్ళే.

ఇక్కడ కాలక్రమం ముఖ్యం. మొదటి ఐఎన్ఎ 1942లో సింగపూర్‌లో పట్టుబడ్డ బ్రిటిష్ ఇండియన్ సైనికులతో ఏర్పడింది. అది చీలికలతో కూలిపోయింది. సుభాష్ చంద్రబోసు 1943 జులైలో సింగపూర్ వచ్చాకే ఎస్టేటు కూలీలు, రేవు కూలీలు, గుమాస్తాలు, కొట్ల కుర్రాళ్ళు వేల సంఖ్యలో చేరారు. అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించారు. ఆ మర్నాడే సింగపూర్‌లో రాణీ ఝాన్సీ రెజిమెంటు శిక్షణ శిబిరం మొదలైంది. అందులో చేరిన ఆడపిల్లలు చాలామంది మలయా రబ్బరు తోటల నుంచి వచ్చినవాళ్ళే. ఇండియాను కళ్ళారా చూడనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

ఎందుకు చేరారు? మన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు దేశభక్తి. అది అబద్ధం కాదు. జీవితంలో మొదటిసారి ఎవరో తమను కూలీ అని పిలవకుండా, దేశం నీది అని చెప్పారు. అది చిన్న విషయం కాదు. కానీ అదే కాలంలో సయాం బర్మా రైలు మార్గం నడుస్తోంది. 415 కిలోమీటర్ల ఆ లైను కోసం జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో పాటు మలయా, బర్మా, జావాల నుంచి లక్షలాది ఆసియా కూలీలను తరలించింది. ఎస్టేట్ల నుంచి తమిళులు, తెలుగువాళ్ళు లారీల్లో, రైళ్ళలో పోయారు. ఆసియా కూలీల్లో చచ్చిపోయినవాళ్ళు దాదాపు 90 వేలని ఒక అంచనా. రబ్బరు ఎగుమతి ఆగిపోయి ఎస్టేట్లలో పని లేదు, బియ్యం లేవు. అలాంటప్పుడు ఫౌజులో చేరితే తిండి ఉంటుంది, రైలు లైనుకు పట్టుకుపోయే ప్రమాదం తగ్గుతుంది. కొందరు అందుకూ చేరారని చరిత్రకారులు రాశారు. ఒకే మనిషిలో ఈ రెండు కారణాలూ ఉండొచ్చు. పొద్దున ఆకలి కోసం చేరి, సాయంత్రానికి నిజంగానే దిల్లీ కల కన్నవాళ్ళు ఉండొచ్చు. ఈ మిశ్రమమే నాకు అసలు కథ అనిపిస్తుంది. మన దగ్గర మిగలకుండా పోయింది సరిగ్గా ఇదే.

ఫౌజు భాష హిందుస్తానీ, రోమన్ లిపిలో. తెలుగు తప్ప మరో భాష రానివాడు కమాండ్లు హిందుస్తానీలో నేర్చుకోవాలి. సంతకం పెట్టడం రానివాడు తుపాకీ విప్పి బిగించడం నేర్చుకోవాలి. మాల కుర్రాడు, పంజాబీ సిక్కు, మలయా తమిళుడు ఒకే వంటశాలలో వండింది తిన్నారు. ఊళ్ళో చెరువు నీళ్ళు ముట్టనివ్వని కాలంలో ఇది ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. మనకు ఊహే మిగిలింది, ఎందుకంటే ఆ కుర్రాడిని ఎవరూ అడగలేదు. 1944లో ఫౌజు ఇంఫాల్ వైపు నడిచింది. రెండేళ్ళ కిందట జనం ఇండియాకు పారిపోయిన దారుల్లో ఒకటైన తమూ, పలేల్ దారి దగ్గరే ఐఎన్ఎ గాంధీ బ్రిగేడు పోరాడింది. అదే దారి, ఒకసారి కాందిశీకులది, ఇంకోసారి సైనికులది. వర్షాకాలం, మలేరియా, తిండి లేకపోవడం. వెనుదిరిగి నడవడంలో పోయినవాళ్ళే ఎక్కువ.

ఈ సైన్యంలో ఏరికోరి ఎంచిన దళాలు కూడా ఉన్నాయి. గూఢచర్యం, చొరబాటు కోసం బహదూర్ గ్రూపు ఉండేది. 1944 ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో జెండా ఎగరేసిన షౌకత్ మాలిక్ ఆ గ్రూపువాడే. ఆగ్నేయాసియాలోని భారతీయ కుటుంబాల కుర్రాళ్ళను కొందరిని ఎంపిక చేసి జపాన్ సైనిక, వైమానిక అకాడమీలకు పంపారు. వాళ్ళను టోక్యో కేడెట్లు అంటారు. వాళ్ళలో రమేష్ బెనెగల్ రంగూన్‌లో పుట్టినవాడు. యుద్ధం తర్వాత భారత వైమానిక దళంలో చేరి, 1971 యుద్ధంలో మహావీర చక్ర అందుకుని, ఎయిర్ కమడోర్ అయ్యాడు. వలస కుటుంబపు పిల్లవాడు దేశంలోని అతి గొప్ప సైనికుల్లో ఒకడవడం అంటే ఇదే. ఆయన రంగూన్ బాల్యం, బాంబులు, టోక్యో ప్రయాణం మనకు తెలుసు. ఎందుకంటే ఆయన ఇంగ్లీషులో జ్ఞాపకాలు రాసుకున్నాడు.

మన వైపు చూస్తే ఇద్దరు బాగా తెలిసినవాళ్ళు. హైదరాబాదు ఆబిద్ హసన్, జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ బోసు వెంట నడిచినవాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ నుంచి బయల్దేరిన జర్మన్ సబ్‌మెరీన్‌లో, మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో జపాన్ సబ్‌మెరీన్‌లోకి మారి, బోసుతో పాటు ఆసియా చేరిన ఒకే ఒక్క భారతీయుడు. "జైహింద్" అన్న పలకరింపు ఆయన సూచించిందే అంటారు. తర్వాత దౌత్యవేత్త అయ్యాడు. ఇంఫాల్ నుంచి వెనక్కి నడిచిన మనుషుల గురించి "ద మెన్ ఫ్రమ్ ఇంఫాల్" అని రాశాడు కూడా. రెండోవారు పశ్చిమ గోదావరి పోడూరుకు చెందిన డాక్టర్ దాట్ల సత్యనారాయణ రాజు. ఐఎన్ఎలో కర్నలు, బోసుకు వైద్యుడు. తర్వాత 1957లోనూ 1962లోనూ రాజమండ్రి నుంచి లోక్‌సభకు వెళ్ళారు. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ స్థాపనలో ఆయన చెయ్యి ఉంది.

ముగ్గురి కథలూ మిగిలాయి. ముగ్గురికీ చదువు ఉంది, ఇంగ్లీషు ఉంది, తర్వాతి జీవితంలో ఒక పదవి ఉంది. ఇది వాళ్ళ తప్పు కాదు. కానీ ఐఎన్ఎ మీద వచ్చిన పుస్తకాలన్నిటిలోనూ ఇదే వాలు కనిపిస్తుంది. పీటర్ ఫే రాసిన "ద ఫర్గాటెన్ ఆర్మీ" చాలా మంచి పుస్తకం. దాని వెన్నెముక మాత్రం ప్రేమ్ సెహగల్, లక్ష్మీ సెహగల్ దంపతులు చెప్పిన కథే. ఎర్రకోట విచారణ అనగానే షా నవాజ్, సెహగల్, ధిల్లాన్ గుర్తొస్తారు, ముగ్గురూ ఆఫీసర్లే. తోటల నుంచి వచ్చినవాళ్ళ గొంతు వినడానికి గట్టిగా పూనుకున్న వాళ్ళలో వెరా హిల్డెబ్రాండ్ ఒకరు. బతికున్న ఝాన్సీ రాణీలను దేశదేశాల్లో వెతికి, మాట్లాడించి, 2016లో పుస్తకం వేసింది. అప్పటికే వాళ్ళు ఎనభైలు దాటినవాళ్ళు. రేవు కూలీల విషయంలో అంత పని ఎవరూ చేసినట్టు కనబడదు.

యుద్ధం అయ్యాక ఏం జరిగిందో చూస్తే, ఈ మౌనం దానంతట అది రాలేదని అర్థమవుతుంది. వెనక్కి తగ్గుతూ ఫౌజు తన కాగితాలు చాలావరకు తగలబెట్టింది. శత్రువు చేతికి పేర్లు చిక్కకూడదు కదా. సింగపూర్ ఎస్‌ప్లనేడ్‌లో 1945 జులైలో బోసు శంకుస్థాపన చేసిన ఐఎన్ఎ స్మారకాన్ని, తిరిగొచ్చిన బ్రిటిష్ సైన్యం సెప్టెంబరులో పేల్చేసింది. అక్కడ గుర్తుగా ఒక ఫలకం పెట్టడానికి 1995 దాకా పట్టింది. పట్టుబడ్డ సైనికులను విచారించి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగులుగా విడగొట్టారు. బ్రిటిష్ సైన్యంలో ఎప్పుడూ ప్రమాణం చెయ్యని కూలీల మీద కోర్టు మార్షల్ పెట్టడానికి వీల్లేదు. చాలామందిని ప్రశ్నించి వదిలేశారు. వాళ్ళకు విచారణ లేదు కాబట్టి విచారణ ఫైలూ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక రక్షణ శాఖ కోసం ప్రతుల్ చంద్ర గుప్తా అనే చరిత్రకారుడు ఐఎన్ఎ చరిత్ర రాశారు. అది దశాబ్దాలపాటు అచ్చు కాకుండా ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది.

దీన్ని ఇంకో వరుసతో పోల్చి చూడండి. అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున పోయిన భారతీయ సైనికుల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర ఉన్నాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం స్తంభాల మీద దాదాపు 27 వేల పేర్లు చెక్కి ఉన్నాయి. చాలా పేర్లకు రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఎవరైనా ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. రైలు లైను దగ్గర కాంచనబురి శ్మశానంలో యుద్ధఖైదీల సమాధులు దాదాపు 7 వేలు, వరసలుగా, శుభ్రంగా. అదే లైను మీద పోయిన ఆసియా కూలీలకు పేరున్న సమాధులు లేవు. గోదావరి జిల్లాల నుంచి ఇద్దరు బయల్దేరారనుకోండి. ఒకడు మద్రాసులో పట్టాళంలో చేరాడు, ఇంకొకడు కాకినాడలో స్టీమరు ఎక్కాడు. ఇద్దరూ బర్మాలోనే పోయారు. ఒకడికి రాయి మీద పేరుంది. ఇంకొకడికి ఊళ్ళో "రంగం వెళ్ళాడు, మరి రాలేదు" అన్న వాక్యం ఉంది.

తిరిగి వచ్చినవాడి గురించి ప్రభుత్వం మొదటిసారి అడిగింది 1972లో. ఆ ఆగస్టు 15న స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చింది. ఐఎన్ఎవాళ్ళూ అర్హులే. నా ఉద్యోగం డేటాబేసులతో కాబట్టి ఏ దరఖాస్తు ఫారం చూసినా ఒకటే ఆలోచిస్తాను: దీంట్లో ఏ గడి ఉంది, ఏ గడి లేదు? పింఛను ప్రశ్న ఇదీ: కనీసం ఆరు నెలలు, ఆడవాళ్ళూ దళిత గిరిజనులూ అయితే మూడు నెలలు, జైల్లోనో నిర్బంధంలోనో ఉన్నావా? జైలు నుంచో ప్రభుత్వం నుంచో కాగితం ఉందా? లేకపోతే నీతో పాటు జైల్లో ఉన్నవాడు ధ్రువపత్రం ఇస్తాడా? రంగూన్‌లో, సింగపూర్‌లో నిర్బంధించినవాళ్ళ కాగితం అమలాపురం తాలూకా కుర్రాడి చేతికి ఎలా వస్తుంది? తోటి ఖైదీ ఏ తంజావూరులోనో, ఏ రోహ్తక్‌లోనో ఉంటాడు. పేరు విషయం మరీ దారుణం. ఇంటిపేరు రాయని, తండ్రి పేరు తప్పుగా రాసిన, రోమన్ లిపిలో మూడు రకాలుగా రాసిన ఒక అప్పన్న, ఒక రాములు. పైగా చాలా రికార్డుల్లో దక్షిణాదివాడు ఎవడైనా తమిళుడో మద్రాసీయో. రెండు పట్టికలను కలపాలంటే రెండింట్లోనూ ఒకే తాళంచెవి ఉండాలి. ఇక్కడ తాళంచెవే లేదు.

పథకాన్ని తప్పుబట్టడం లేదు. ప్రభుత్వ సొమ్ము ఇస్తున్నప్పుడు రుజువు అడగడం న్యాయమే. దొంగ సమరయోధులు కూడా బయల్దేరారు కదా. నా బాధ ఇంకోటి. ఒక కూలీ సిపాయి జీవితం గురించి మన రాజ్యం అడిగిన ప్రశ్న ఇదొక్కటే. అందుకని కుటుంబాలు కూడా కథను ఈ ప్రశ్నకు సరిపడేలా చెప్పడం నేర్చుకున్నాయి. జైలు గురించి చెప్తారు, నేతాజీని చూశాడని చెప్తారు. మేస్త్రీ దగ్గర అప్పు గురించి, రైలు లైనుకు భయపడి చేరడం గురించి, మధ్యలో పారిపోయి వారం తర్వాత తిరిగి రావడం గురించి, అక్కడ చేసుకున్న బర్మా భార్య గురించి చెప్పరు. పింఛను రానివాళ్ళయితే మొత్తానికే చెప్పడం మానేశారు. రుజువు లేని కథ చెబితే ఊళ్ళో కోతలు అంటారని.

ఓడలరేవు వైపు ఒక పెద్దావిడతో మాట్లాడితే ఇదే విన్నాను. "మా మావగారు రంగంలో ఫౌజులో చేసేరంటండి. సాయంత్రం పూట పిల్లల్ని నిలబెట్టి కవాతు చేయించీవోరు. హిందీలోనో ఏదోలోనో అరిచీవోరు బాబూ, మాకేటి తెలుస్తాది." ఆయన్ని ఆ సంగతులు ఎవరైనా అడిగారా అన్నాను. "ఎవరడుగుతారండీ? ఆఫీసులో అడిగేరు, జైలు కాయితం ఉందా అని. లేదన్నారు. మరింక ఆ మాటెత్తలేదు." ఏ దళం, ఏ ఊరు, ఎవరితో ఉన్నారు, ఏదీ ఆవిడకు తెలీదు. ట్రంకుపెట్టెలో ఏవో కాగితాలుండేవట. 1996 నవంబరు తుపానులో ఇంటి కప్పుతో పాటు అవీ పోయాయట. కోనసీమలో కాగితం మీద నమ్మకం పెట్టుకోకూడదు. 1986 వరద, 1996 తుపాను, ఏటేటా వచ్చే నీళ్ళు. ఇక్కడ జ్ఞాపకం నోట్లోనే ఉండాలి, లేదా ఎక్కడో దూరంగా భద్రంగా ఉండాలి.

మిగతా ప్రపంచం ఇలాంటి పనిని ఎలా చేసిందో చూడటం ఉపయోగం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం మేరీలాండ్‌లోని క్యాంప్ రిచీలో దాదాపు 20 వేల మందికి గూఢచార శిక్షణ ఇచ్చింది. వాళ్ళలో రెండువేల పైచిలుకు జర్మనీ, ఆస్ట్రియాల నుంచి పారిపోయి వచ్చిన యూదులు. తమను తరిమిన దేశపు భాషే వాళ్ళ ఆయుధం అయింది. పట్టుబడ్డ జర్మన్లను ప్రశ్నించింది వాళ్ళే. చాలా ఏళ్ళు ఎవరికీ పెద్దగా తెలియని ఈ మనుషుల మీద 2004లో డాక్యుమెంటరీ వచ్చింది. ఆ తర్వాత ఇంటర్వ్యూలు, పుస్తకాలు, ప్రదర్శనలు. అమెరికా కాంగ్రెస్ 2000లోనే వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు అని చట్టం చేసింది. ఏ వాలంటీరైనా మాజీ సైనికుడితో కనీసం అరగంట మాట్లాడి రికార్డు చేసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇవ్వొచ్చు. ర్యాంకుతో పని లేదు, పతకంతో పని లేదు. సింగపూర్‌లో 1979లో మౌఖిక చరిత్ర కేంద్రం మొదలై, జపాన్ ఆక్రమణ కాలం మీద మామూలు జనంతో వందల గంటలు మాట్లాడించింది. మన దగ్గరి ఉదాహరణే కావాలంటే 1947 పార్టిషన్ ఆర్కైవ్ ఉంది. మామూలు వాలంటీర్లు వేల ఇంటర్వ్యూలు పోగేశారు.

రిచీ కుర్రాళ్ళకు ఒక అనుకూలత ఉంది. వాళ్ళు తిరిగొచ్చి ప్రొఫెసర్లు, లాయర్లు, వ్యాపారులు అయ్యారు. మన ఫౌజు కుర్రాళ్ళు తిరిగొచ్చి మళ్ళీ నాట్లకు వెళ్ళారు. సైన్యం నుంచి పట్టుబడి ఐఎన్ఎలో చేరినవాళ్ళనే స్వతంత్ర భారత సైన్యం తిరిగి తీసుకోలేదు. ఇక కూలీగా చేరినవాడిని ఎవరు పట్టించుకుంటారు? కొందరు బర్మాలోనే ఉండిపోయి, 1960లలో నె విన్ ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాక ఉత్త చేతులతో వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అలా పుట్టిందే. మన ఊళ్ళలో బర్మా కాలనీలు ఉన్నాయి. ఆటోవాడికి చెప్పడానికి ఆ పేరు వాడతాం, అంతకు మించి ఆలోచించం.

ఇప్పుడు ఆ సిపాయిలు లేరు. 1943లో పద్ధెనిమిదేళ్ళవాడికి ఇప్పుడు నూరేళ్ళు. కానీ వాళ్ళ పిల్లలు ఉన్నారు, కోడళ్ళు ఉన్నారు, డెబ్బై ఎనభై ఏళ్ళ వయసులో. కవాతు చేయించిన సాయంత్రాలు వాళ్ళకు గుర్తున్నాయి. ఇది రెండో చేతి జ్ఞాపకం, చరిత్రకారులు అనుమానంగా చూస్తారు. చూడాలి కూడా. కానీ రెండో చేతి జ్ఞాపకం దళం నంబరు చెప్పలేకపోయినా, తిరిగొచ్చిన మనిషి ఎలా బతికాడో చెబుతుంది. నిద్రలో అరిచేవాడా? ఊళ్ళో పెద్దకులం వాళ్ళ ముందు తువ్వాలు తీసేవాడా, తియ్యనన్నాడా? ఆజాద్ హింద్ కాగితాల్లో ఇవి ఎలాగూ ఉండవు.

అందుకని అడిగే ప్రశ్నలు మారాలి. "నేతాజీని చూశారటనా?" అని మొదలెడితే ఎవరైనా ఔననే అంటారు. ఓడ చార్జీ ఎవరు పెట్టారు, మేస్త్రీది ఏ ఊరు, అక్కడ ఏం వండుకునేవారు, ఎవరితో కలిసి పడుకునేవారు, ఏ మాటలు వెంట తెచ్చుకున్నారు, తిరిగొచ్చాక మొదటి ఏడాది ఏం పని చేశారు, ఏం చెప్పడానికి ఇష్టపడేవారు కాదు. ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. జవాబును శుద్ధ గ్రాంథికంలోకో పేపరు భాషలోకో మార్చకుండా వాళ్ళ కోనసీమ యాసలోనే రికార్డు చెయ్యాలి. పేరును తెలుగు లిపిలో, ఇంటిపేరుతో, ఊరితో రాసుకోవాలి. రేపు ఎవరైనా దిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఎన్ఎ ఫైళ్ళు తిరగేస్తే, రోమన్ లిపిలో వంకరటింకరగా ఉన్న పేరు పక్కన పెట్టి చూసుకోవడానికి ఒక తాళంచెవి దొరుకుతుంది. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికల్లో రంగూన్ వార్తలు వెతకడం కూడా అప్పుడే పనికొస్తుంది. ఇదంతా చెయ్యడానికి కావలసింది ఫోను, ఓపిక, రెండు ఆదివారాలు. ఒక కాపీ కుటుంబానికి, ఒకటి ఏ విశ్వవిద్యాలయపు లైబ్రరీకో, ఇంకోటి నీళ్ళు చేరని చోట.

ఇది గతం పట్ల మర్యాద కోసమే చెయ్యక్కర్లేదు. కోనసీమ నుంచి ఇప్పుడు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్తున్నారు. మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చాడు. స్టీమరు పోయి విమానం వచ్చింది. అడ్వాన్సు మాత్రం అలాగే ఉంది. అక్కడ యుద్ధం వస్తే ఏమవుతుందో 1990లో కువైట్‌లో చూశాం. ఆ వెళ్ళిన ఆడవాళ్ళ, మగవాళ్ళ గురించి కూడా మన దగ్గర ఉండేవి పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, డబ్బు పంపిన రసీదు. అవన్నీ ఎవరో ఒకరి ఫారంలో గడులు. వాళ్ళ మనవలు ఎనభై ఏళ్ళ తర్వాత అడిగినప్పుడు "కువైట్ వెళ్ళింది" అన్న ఒక్క వాక్యమే మిగలకూడదు కదా. అలవాటు చేసుకోవాలంటే రంగం వెళ్ళినవాళ్ళ దగ్గరే మొదలెట్టాలి. వాళ్ళ పిల్లలు ఇంకా గుమ్మంలో కూర్చునే ఉన్నారు.